సాయిబు పిల్లులు

"సార్, మీ పిల్లి మళ్ళీ క్యాంటీన్లకొచ్చింది."

గేటు దగ్గర సెక్యూరిటీ అతను అన్న మాట ఇది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పిల్లి క్యాంటీన్లోకి వచ్చిన మాట నిజమే. అతను నన్ను గౌరవంగానే పలకరించాడు. కానీ నేను ఆ 'మీ' దగ్గర ఆగిపోయాను. మా ఆఫీసు కాంపౌండులో పిల్లులకు తిండి పెట్టేవాళ్ళం ఏడుగురం. ఏడుగురిలో నేనొక్కణ్ణే సాయిబును. ఎలుకను పట్టిన రోజు అది ఆఫీసు పిల్లి. పిల్లల్ని పెట్టిన రోజు అందరి పిల్లి. క్యాంటీన్లో పెరుగు గిన్నె తన్నేసిన రోజు మాత్రం నా పిల్లి. అంతకు వారం ముందు అకౌంట్స్ సెక్షన్ వైపు వెళ్తుంటే ఇంకో మాట కూడా చెవిన పడింది - "సాయిబు పిల్లులు".

ఊరూ పేరూ లేని పిల్లులకు మతం ఎప్పుడు పుట్టింది? అది తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రికలో పనిచేస్తాను. డెస్కు మేడ మీద, ప్రెస్సు కింద, వెనక న్యూస్‌ప్రింట్ రీళ్ళ గోడౌను. కాగితం ఉన్నచోట ఎలుకలుంటాయి. ఎలుకలున్నచోట పిల్లులుంటాయి. వాటిని ఎవరూ తెచ్చి పెంచలేదు. మా ఉద్యోగాలకన్నా ముందునుంచే అవి అక్కడున్నాయి. 2018 వానాకాలంలో నేనూ, మెషీన్ సెక్షన్ ఫోర్‌మనూ టార్చిలైటు పట్టుకుని లెక్కపెడితే పదకొండు తేలాయి. అందులో మూడు చూలు పిల్లులు.

అప్పటిదాకా ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టేవాళ్ళు. ఒకరు మెట్ల మీద పెరుగన్నం, ఒకరు పార్కింగులో బిస్కెట్లు, ఒకరు గిన్నెడు పాలు. పిల్లంటే పాలే అనుకుంటాం. కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఆ కంపు, చీమలు, ఫిర్యాదులు... చివరికి అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు బోన్లు తెప్పించి అన్నిటినీ పట్టి ఊరవతల వదిలేస్తామన్నారు.

ఆ రాత్రి సిటీ ఎడిషన్ వదిలాక, ఒంటిగంటకు, టీ తాగుతూ కూర్చున్నాం. అప్పటికే నేను ఈ విషయం మీద కొంత చదివున్నాను. ఎలుకలూ ఎంగిలీ ఉన్నంతకాలం, ఈ పిల్లుల్ని తీసేస్తే పక్క వీధుల పిల్లులొచ్చి ఆ చోటు నింపుతాయి. ఆడపిల్లి ఐదారు నెలలకే చూలు కడుతుంది. తొమ్మిది వారాలకు ఈనుతుంది. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. కనుక వెళ్ళగొట్టడం మందు కాదు. ఒక్కొక్కదాన్నీ పట్టి ఆపరేషన్ చేయించాలి, తిరిగి అదే చోట వదలాలి, ఒకేచోట ఒకే వేళకు తిండి పెట్టాలి. ఇదంతా చెప్పాను. పిల్లికి మనిషికన్నా చోటు మీద మమకారం ఎక్కువంటారు. ఎక్కడో వదిలేస్తే చాలావరకు తిండికీ తావుకీ దిక్కులేక చస్తాయి. వతన్ అనే మాటకు అర్థం పుస్తకాల్లో వెతకనక్కర్లేదు.

పేజీ డమ్మీ షీటు ఒకటి తిరగేసి దాని మీద చార్టు గీశాను. ఏడు రోజులు, ఏడుగురు మనుషులు. నేను, మా డెస్కు సబ్ఎడిటర్ ఒకావిడ, ఫోర్‌మన్, రీళ్ళ గోడౌను హమాలీ, యాడ్స్ సెక్షన్ కుర్రాడు, ఒక డ్రైవరు, నైట్ వాచ్‌మన్. పగలు నీళ్ళు మార్చాలి. రాత్రి తొమ్మిదికి గోడౌను వెనక తిండి పెట్టాలి. అరగంటకు పళ్ళేలు ఎత్తెయ్యాలి. రాలేనివాళ్ళు మధ్యాహ్నంలోగా ఇంకొకరికి అప్పగించాలి. ఏది రాలేదో, ఏది కుంటుతున్నదో నోటుబుక్కులో రాయాలి. తలా నెలకు రెండు వందలు.

నా జుమ్మా, ఆవిడ ఏకాదశి, ఫోర్‌మన్ ఆదివారం చర్చి, హమాలీ ఊళ్ళో బోనాలు - అన్నీ ఆ చార్టులో సర్దుకున్నాయి. బయట సర్దుకోనివన్నీ ఒక డమ్మీ షీటు మీద సర్దుకున్నాయని మురిసిపోయాను. తొందరపడ్డాను.

మా ఊరు మహబూబ్‌నగర్. మా నానీ దస్తర్‌ఖాన్ పరిస్తే చాలు, ఒక పిల్లి వచ్చి అంచున కూర్చునేది. దాని ముక్క తీసి పెట్టాకే మాకు వడ్డన. విసుక్కుంటే, "అబూ హురైరా అంటే ఎవరనుకున్నావ్ రా? పిల్లికూనల తండ్రి! అంతటి సహాబీకే ఆ పేరుంటే నీకేంది నామోషీ?" అనేది. పిల్లిని కట్టేసి, తాను తిండి పెట్టక, దాన్ని వెతుక్కుని తిననివ్వక చంపినామె నరకానికి పోయిందన్న హదీసు నాకు బడికి పోకముందే తెలుసు. పక్కింటి అవ్వకు హదీసు తెలియదు. కానీ పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమియ్యాలని ఆమె చెప్పేది. ఆ అవ్వే, పొద్దున్నే పిల్లి ఎదురైతే చెంబు పట్టుకుని ఇంట్లోకి వెనక్కి వచ్చేది. చంపితే పాపం, ఎదురొస్తే అశుభం. ఉండొచ్చు గానీ కనపడొద్దు. మా బతుకు గురించి కూడా ఈ దేశంలో కొందరి ఆలోచన ఇంతేనని తర్వాతెప్పుడో తోచింది.

బళ్ళో తెలుగు జాతీయాలు నేర్చుకున్నాను. 'గోడమీది పిల్లి'ని సొంత వాక్యంలో ప్రయోగించమంటే బాగానే ప్రయోగించాను. అది నా మీదే ప్రయోగమవుతుందని అప్పుడు తెలియదు. ముషాయిరాకు పోతే ఉర్దూ మిత్రులు "నువ్వు తెలుగోడివైపోయావ్ మియా" అంటారు. డెస్కుకు వస్తే "మీ పాతబస్తీల ఏమనుకుంటున్నరు భాయ్?" అంటారు. నేను పాతబస్తీలో ఒక్కరోజు కూడా కాపురం లేను. ఇంట్లో ఉర్దూలో కలలు కంటాను, ఆఫీసులో తెలుగులో హెడ్డింగులు పెడతాను. రెండూ నావే. కానీ రెండు వైపులా "ఎటు దూకుతావ్?" అనే అడుగుతారు. పిల్లి గోడెక్కేది ఎటు దూకాలో తేలకనేనా? కింద ఉంటే తంతారని కూడా ఎక్కుతుంది. జాతీయాలు చేసినవాళ్ళకు ఆ సంగతి తోచినట్టు లేదు.

పిల్లులకు పేర్లు పెట్టేటప్పుడు మొదటి పేచీ వచ్చింది. నల్లటి గండుపిల్లి ఒకటి, గడ్డం కింద తెల్లగా ఉండేది. "దీనికి సాయిబు అని పెడదాం, గడ్డముంది కదా" అన్నాడు యాడ్స్ కుర్రాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, "పేపరాఫీసు పిల్లులకు పేపరు పేర్లుండాలి" అని తప్పించాను. అలా దాని పేరు బ్యానర్ అయింది. తోక చివర వంకర తిరిగినది కామా. గోడౌనులోనే పుట్టినది రీలు. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. వాన పడుతున్నా తన వంతు తప్పేవాడు కాదు. మంచివాళ్ళ నోటినుంచే ఇలాంటి మాటలు అంత సులువుగా ఎలా వస్తాయన్నదే నాకు తెగని చిక్కు.

ఆపరేషన్ల పని నా నెత్తిన వేసుకున్నాను. ముందురోజు తిండి ఆపాలి. ఆకలి మీదుంటేనే వేయించిన చేప వాసనకు బోనులోకి వస్తుంది. తలుపు పడగానే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటుంది. అప్పుడు బోను మీద గుడ్డ కప్పేస్తే నిమిషంలో ఊరుకుంటుంది. అమ్మీ పాత దుపట్టాలు అందుకు పనికొచ్చాయి. తెల్లవారగానే ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి. మగదైతే మర్నాడు, ఆడదైతే రెండుమూడు రోజులు గోడౌను పక్క ఖాళీ గదిలో ఉంచి వదిలేవాళ్ళం. మత్తులో ఉండగానే డాక్టరు ఎడమ చెవి కొస కత్తిరించేవారు. ఆపరేషన్ అయిందని దూరంనుంచే తెలిసే గుర్తది.

మతం ఒప్పుతుందా అని మా బంధువొకాయన అడిగాడు. జంతువుల విషయంలో ప్రయోజనం ఉంటే అభ్యంతరం లేదని హనఫీ ఫిఖహ్‌లో ఉందని చెప్పాను. ఆయన ఊరుకున్నాడు. ఆఫీసులో ఊరుకోలేదు. ఐదో పిల్లిని తీసుకుపోతుంటే సీనియర్ ఒకాయన నవ్వుతూ, "ఏం భాయ్, మీవాళ్ళు కు.ని. చేయించుకోరు గానీ పిల్లులకు మాత్రం చేయిస్తున్నావే!" అన్నారు.

నా దగ్గర జవాబు లేక కాదు. అంకెలు మాకు అన్నంలాంటివి. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 కాన్పులు. 2015-16 నాటి సర్వేలో 2.6. తర్వాత 2019-21 సర్వేకు అది 2.36కు దిగింది. ఇన్నేళ్ళలో అందరికన్నా ఎక్కువగా తగ్గింది ముస్లింలలోనే. అప్పటికి వచ్చిన అంకెలు వార్తగా నా చేతులమీదుగానే వెళ్ళాయి. చెప్పొచ్చు. కానీ ఒక చేతిలో బోను, అందులో వణికే పిల్లి... చెప్పలేదు. నవ్వాను. ముప్పై ఏళ్ళుగా మేం నవ్విన నవ్వులన్నీ కూడితే ఎన్ని పేజీలవుతాయో!

ఆ చెవి కొస గుర్తు చూసినప్పుడల్లా నాకు 2007 గుర్తొస్తుంది. మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నేనప్పుడు కొత్తగా రిపోర్టింగ్‌లో ఉన్నాను. పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులన్నాయి. అలా విడుదలైన ఒకతను చెప్పిన మాట మరిచిపోలేను: "ఒకసారి పట్టుకున్నరు గద సార్, ఇగ ఏడ ఏమైనా ముందు నన్నే పిలుస్తరు." మా పిల్లులకు చెవి కోసేది ఎందుకు? మళ్ళీ పట్టుకోకుండా ఉండటానికి. ఒకసారి బోనులో పడిందీ, దాని పనైపోయిందీ, ఇక దాన్ని బతకనివ్వండని ఆ గుర్తుకు అర్థం. పిల్లికి దొరికిన ఆ భరోసా అతనికి దొరకలేదు.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. డెస్కులో చాలామంది ఇళ్ళనుంచే పని. ఆఫీసుకు వచ్చేది ప్రెస్సు వాళ్ళూ, వాచ్‌మనూ. చార్టు సగం ఖాళీ అయింది. నాకు ప్రెస్ పాసుంది కనుక రోజు విడిచి రోజు సంచీ తగిలించుకుని స్కూటర్ మీద వచ్చేవాణ్ణి. ఏప్రిల్ మొదటి వారంలో ఒక చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ కార్డు మీద పేరు చదివి, సంచీ చూసి, "ఢిల్లీకి పోయొచ్చినవా?" అన్నాడు. లేదన్నాను. "సంచీల ఏముంది?" "పిల్లులకు అన్నం." అతను నా ముఖంలోకి కాసేపు చూసి, నవ్వి, పొమ్మన్నాడు. నవ్వించినందుకు వదిలాడు. ఆ రాత్రి 'మర్కజ్' అన్న మాటతో హెడ్డింగ్ పెట్టింది నేనే. మూడు కాలాలు. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీకి వచ్చిన విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ వాళ్ళను బలిపశువులను చేశారని అన్నది. ఆ వార్త లోపలి పేజీలో సింగిల్ కాలమ్ పోయింది. ఆ రోజు కూడా రాత్రి తొమ్మిదికి పళ్ళేలు పెట్టాను. అవి తిన్నాయి. ఎవరు పెట్టారని అడగలేదు.

ఇక 2023 సంగతి. పిల్లి మాంసాహారి. పెరుగన్నంతో దాని కళ్ళూ గుండే నిలవవు. మా ఆవిడ కోడి కార్జం, మెడలు ఉప్పు వెయ్యకుండా, ఉల్లిగడ్డ తగలకుండా ఉడికించి, ఎముకలు తీసి టిఫిన్‌లో పెట్టేది. ఫోర్‌మన్ చేప తలకాయలు తెచ్చేవాడు. నాలుగున్నరేళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ సూపర్‌వైజర్ నా టిఫిన్ మూత తీయించాడు.

"ఏం మాంసం?"

"చికెన్."

అతనేం మాట్లాడలేదు. "చికెనే," అని నేనే రెండోసారి అన్నాను.

ఆ రెండోసారి ఎందుకన్నాను? ఫోర్‌మన్‌ను ఎవరూ అడగలేదు, అడిగినా ఒక్కసారే చెప్పేవాడు. 2015 సెప్టెంబరులో దాద్రీలో, ఇంట్లో గోమాంసం ఉందన్న పుకారు మీద అఖ్లాక్‌ను కొట్టి చంపినప్పుడు, ఆ వార్త నేను అనువదించాను. ఆ ఇల్లు మా ఇంటికి పదిహేను వందల కిలోమీటర్ల దూరం. అయినా అది నా గొంతులోకి వచ్చి 'చికెనే' అనిపించింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది: ఆవరణలోకి జంతువుల కోసం మాంసం తేరాదు. కారణం పరిశుభ్రత. ఆ వారంలోనే 'సాయిబు పిల్లులు' నా చెవిన పడింది. యాడ్స్ కుర్రాడు ఉపాయం చెప్పాడు. దుకాణంలో దొరికే పిల్లుల మేత, ప్యాకెట్‌ది. అందులోనూ ఉన్నది కోడీ చేపే. సంచీలో తెస్తే మాంసం, ప్యాకెట్లో తెస్తే ఫుడ్! దానికెవరూ మూత తీయించలేదు.

నేను చేసింది మాత్రం వేరు. చార్టులో నా పేరు కొట్టేసుకున్నాను. నా గురువారం వాచ్‌మన్‌కు అప్పగించాను. డబ్బులిస్తూ వచ్చాను, గోడౌను వెనక్కి పోవడం మానేశాను. నా వల్ల వాటికి ఇబ్బంది రాకూడదని నాకు నేను చెప్పుకున్నాను. త్యాగంలా కనిపించింది. భయమని లోపల తెలుసు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. "భాయ్ లేకపోతే ఈ పిల్లులు ఎప్పుడో పోయేవి" అని ఎవరైనా అంటే అంతకుముందు నాకు లోలోపల ఎంత సంబరంగా ఉండేదో! మెప్పు వచ్చినప్పుడు 'నావి' అనిపించుకున్నవాణ్ణి, నింద వచ్చేసరికి 'అందరివి' అన్నాను.

రెండు నెలలకు సబ్ఎడిటర్ ఆవిడ పట్టుకున్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ముక్కుకు చున్నీ చుట్టుకుని, చేపవాసన ప్యాకెట్ విప్పి, తన మంగళవారం ఏనాడూ తప్పనావిడ.

"గురువారం మీది కదా భాయ్. ఎందుకు రావట్లేదు?"

చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. కోప్పడ్డారు.

"మీరు తప్పుకుంటే వాళ్ళన్నది నిజమైనట్టే కదా! అవి మీవే అయితే వదిలేసుకోండి, మీ ఇష్టం. నావి కూడా కదా. నన్నడక్కుండా ఎట్లా వదిలేశారు?"

నాకు మాట రాలేదు. ఇన్నేళ్ళుగా నాతో జాలిగా మాట్లాడినవాళ్ళున్నారు, ఎకసెక్కంగా మాట్లాడినవాళ్ళున్నారు. వాటాదారులా పోట్లాడినవాళ్ళు తక్కువ.

ఏడుగురం కలిసి అడ్మినిస్ట్రేషన్‌కు ఒక ఉత్తరం రాశాం. 2018లో పదకొండు, ఇప్పుడు ఏడు, అన్నిటికీ ఆపరేషన్లు అయ్యాయి, మూడేళ్ళుగా ఒక్క ఈత లేదు, గోడౌనులో కొరికిన రీళ్ళు లేవు. ఈ పిల్లుల బాధ్యత కింద సంతకాలు చేసిన ఏడుగురిది. సంతకాలు అక్షరక్రమంలో పెట్టమని ఆవిడే అన్నారు. నా పేరు నాలుగోది అయింది. అంత హాయిగా నా పేరు ఎక్కడా ఉండలేదు. మొదటా కాదు, చివరా కాదు.

గెలిచామా అంటే సగం. మాంసం వద్దన్నది అలాగే ఉంది. ప్యాకెట్ మేతకు అనుమతి ఇచ్చారు. పిల్లుల్ని తీయబోమని నోటిమాటగా చెప్పారు. అకౌంట్స్ వైపు ఇప్పటికీ 'సాయిబు పిల్లులు' అనే అంటారు. ఒకసారి ఆ మాట ఆవిడ ముందే అన్నారట. "నేను సాయిబును కాదండీ, మంగళవారం నాదే" అన్నారట. అన్నవాళ్ళు నవ్వలేదట.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను మొన్న మళ్ళీ అన్నాడు, "సార్, మీ పిల్లి..." అని. ఈసారి నేను ఆగిపోలేదు. "ఇవాళ ఎవరి వంతో చార్టు చూడు తమ్ముడూ, వాళ్ళకు చెప్పు" అన్నాను. అతను లోపలికి పోయి చూసొచ్చి, నవ్వి, "మీదే సార్," అన్నాడు.

గురువారం. నాదే. తలుపు వెనక చీపురు తీసుకుని క్యాంటీన్ వైపు నడిచాను.